రంగు ఫుల్లు, ఘాటు నిల్లు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనే మనిషి మిర్చి మూట (టిక్కీ) మూతి దగ్గర మెరిసే కాయల వంక కన్నెత్తి చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్న గుప్పెడు పైకి లాగుతాడు. అరచేతిలో పరుస్తాడు. ఒక కాయ విరిచి గింజ చూస్తాడు, వాసన చూస్తాడు. పైపొర ఘాటైన తేజ రకం, అడుగంతా తెల్లబోయిన తాలు అయిన మూటలు ఆయన తన జన్మలో బోలెడు చూశాడు. రైతు ముఖం వంక చూసి చిన్నగా నవ్వి పక్క లాటుకు వెళ్లిపోతాడు. ఆ నవ్వుకంటే ఘాటైన విమర్శ నేనింతవరకూ ఏ పత్రికలోనూ చదవలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి సరుకు వేసుకుని చిలకలూరిపేట నుంచి గుంటూరు బయల్దేరాం. ముందు సరుకు లారీ, వెనక కారులో నేనూ మా మేనల్లుడూ. వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. చదువు సంగతి ఎత్తితే వాళ్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటుంది గనక నేను ఎత్తను. హాస్టల్లో నలుగురు నేస్తాలతో కలిసి బ్యాండ్ పెడుతున్నాడట. పేరు ఇంకా ఖాయం కాలేదు, కేకలు మాత్రం ఖాయమయ్యాయి.

“నిద్రొస్తోందా మావయ్యా? ఇది పెడతా ఉండు, దెబ్బకి లేచి కూచుంటావ్” అన్నాడు.

“పెట్టరా అల్లుడూ. వెనక సీటులో ఉన్న శాంపిలు కాయల ఘాటుకే లేవనివాణ్ని, నీ పాటకి లేస్తానేమో చూద్దాం” అన్నాను.

పెట్టాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, వెస్టర్‌విల్ అనే ఊరి కుర్రాళ్ల బ్యాండు ‘అటాక్ అటాక్!’. వాళ్ల తొలి ఆల్బమ్ ‘సమ్‌డే కేమ్ సడన్లీ’. 2008 నవంబర్ 11న రైజ్ రికార్డ్స్ వాళ్లు జనం మీదికి వదిలారు. అరగంటకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఎడ్లపాడు దాటేసరికి సగమైంది, గుంటూరు పొలిమేరకు పూర్తయింది. లేచి కూచోవడం అటుంచి, మధ్యలో ఓ కునుకు కూడా తీశాను. కేకల మధ్య కునుకు మాకు కొత్తేం కాదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో, జనరేటరు పక్కన, ప్రభ నీడన పడుకుని తెల్లవార్చిన వంశం మాది.

ఏనాడో 2008 నాటి అమెరికా సరుకు మీద ఇప్పుడు ఈ కత్తి నూరుడు ఎందుకంటారా? మా వాడికీ, వాడి హాస్టల్ నేస్తాలకీ ఆ ఆల్బమే పెద్దబాలశిక్ష. విత్తనం ఎక్కడిదో చూడకుండా నారు పోస్తే ఏమవుతుందో ఈ జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు.

ముందు పేరు. అటాక్ అటాక్, ఆపైన ఓ ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోయే పని కూడా బ్యాండే చేసేసుకుంటే వినేవాడికి ఇక మిగిలేదేముంది? ఆల్బమ్ పేరుకు ‘ఎప్పుడో రావాల్సిన రోజు ఉన్నట్టుండి వచ్చేసింది’ అని అర్థం చెప్పుకోవచ్చు. నిజమే, మరీ ఉన్నట్టుండే వచ్చింది. 2007లో బ్యాండు, 2008లో ఆల్బమ్. మిరప నారు పోసిన దగ్గర్నుంచి ఎర్రటి కాయ కళ్లంలో పడేదాకా ఆరేడు నెలలు. ఆ తర్వాత కళ్లంలో తిరగేస్తూ, రాత్రి మంచు పడకుండా పట్టా కప్పుతూ, పొద్దున్నే తీస్తూ ఎండబెట్టడం వేరే. పండకముందు కోసినా, ఆరకముందు మూట కట్టినా కాయ తెల్లబోతుంది. తాలంటే అదే. దాన్ని అమ్మలేమని కాదు. తాలుకూ ఓ ధర ఉంటుంది. కాకపోతే దాన్ని తేజ అని పిలిస్తే తేజ ఊరుకోదు.

తొందర ఎంతటిదంటే, గొంతు చించుకుని అరిచిన ఆస్టిన్ కార్లైల్ ఆల్బమ్ బయటికొచ్చిన కొంతకాలానికే తానూ బయటికొచ్చేశాడు. 2009లో ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అని వేరు కుంపటి పెట్టుకున్నాడు. సరుకు యార్డు గేటు దాటకముందే పాలేరు పక్క ఆసామి దగ్గర కుదిరినట్టు. ఇక కీబోర్డు వాయించిన కేలెబ్ షోమోకు రికార్డింగు నాటికి నిండా పదహారేళ్లు లేవు. ఆ వయసులో నేను నరసరావుపేట బస్టాండులో గోలీసోడా మూత తీయడమే గొప్ప కళ అనుకునేవాణ్ని. కాబట్టి పిల్లాణ్ని తిట్టడానికి నాకు కలం రాదు. తిట్టాల్సింది పచ్చికాయను కోయించి, మూట కట్టించి, లేబుల్ అతికించిన పెద్దల్ని.

అసలు వీళ్లు వాయించే ఈ మెటల్‌కోర్ అంటే ఏమిటో తెలియని పెద్దలకు ఓ మాట. హెవీ మెటల్ గిటారుకూ హార్డ్‌కోర్ పంక్ కోపానికీ అంటుకట్టి పండించిన పంట అది. 2001లో కన్వర్జ్ వాళ్ల ‘జేన్ డో’, 2002లో కిల్‌స్విచ్ ఎంగేజ్ వాళ్ల ‘అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్’ ఆ పంటలో మేలురకాలు. ఒకడు అరుస్తాడు, ఒకడు పాడతాడు, కొన్నిచోట్ల ఇద్దరి పనీ ఒక్కడే చేస్తాడు. మధ్యలో ‘బ్రేక్‌డౌన్’ అని ఒకటుంటుంది. పరుగెడుతున్న పాట ఒక్కసారి నెమ్మదిస్తుంది. గిటార్లన్నీ అడుగు స్వరానికి దిగి, కాలి డ్రమ్ముతో కలిసి దబ్బుదబ్బుమని దంచుతాయి. రోకటిపోటే అనుకోండి. రోట్లో ఎండుమిరపకాయలుండగా రోకటిపోటు పడితే వీధి వీధంతా తుమ్ముతుంది. ఉత్త రోలు దంచితే రోలు పగులుతుంది. ఈ ఆల్బమ్ అరగంటా ఉత్త రోలు దంచడమే. ‘ష్రెడ్ ష్రెడ్ ష్రెడ్’ అని ఒక పాట ఉంది. ష్రెడ్ అంటే గిటారు మీద వేళ్లు కనిపించనంత వేగంగా వాయించడం. పేరులో మూడుసార్లు చెప్పారు, నా చెవికి ఒక్కసారీ వినిపించలేదు. మైస్పేస్ చూసుకోవడం కుదరకపోతే ఎట్లా అని దిగులుపడే పేరు ఇంకో పాటకుంది. ‘ది రాక్’ అనే కుస్తీ వీరుడి మోచేతి దెబ్బ పేరు మరోదానికి. పేర్లు పెట్టడంలో చూపిన ఓపికలో సగం పాట కట్టడంలో చూపితే మా కునుకు చెడేది.

“అది కాదు మావయ్యా, ఒకడు అరవడం, ఒకడు తియ్యగా పాడటం, మధ్యలో టెక్నో. ఈ మిక్సే కొత్త” అన్నాడు మా వాడు.

కొత్త! ఒరే అల్లుడూ, మన గుంటూరుకు కూతవేటు దూరంలో పొన్నెకల్లు ఉంది. అక్కడ 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెబుతుంటే ముగ్గురే మనుషులు. నడిమి కథకుడి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ గుమ్మెట పట్టుకున్న వంతలిద్దరు. ఒకడు రాజకీయం విసురుతాడు, ఒకడు హాస్యం చిందిస్తాడు. వీరం, కరుణ, వెటకారం ఒకే పందిట్లో, ఒకే రాత్రి. గవర్నమెంటు కూడా కాస్త ఆలస్యంగానైనా మేలుకుని 1986లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆ కథలో హాస్యపు వంతకు ఒక ఇంగితముంటుంది. పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడు రణరంగానికి కదిలేటప్పుడు నోరు మూసుకోవాలని తెలుసు, ఎప్పుడు తెరవాలో కూడా తెలుసు. యుద్ధం నుంచి నవ్వులోకి దిగడానికి మెట్టుంటుంది, నవ్వు నుంచి కన్నీళ్లలోకి ఎక్కడానికి మరో మెట్టుంటుంది. ఈ ఒహాయో ఇంట్లో మెట్లు లేవు. మొదటి అంతస్తులో చావుకేక, రెండో అంతస్తులో పెళ్లి బ్యాండు. వినేవాణ్ని కిటికీలోంచి తోసేస్తుంటారు.

వాళ్ల పేరుమోసిన పాట ‘స్టిక్ స్టిక్లీ’నే చూడండి. పిల్లల టీవీ చానెల్లో ఐస్‌పుల్లతో చేసిన బొమ్మ ఒకటి ఉండేది, దాని పేరది. పాట అరుపుతో ఎత్తుకుంటుంది, దంపుడులోకి దిగుతుంది, అక్కణ్ణుంచి పంచదార పాకం లాంటి పల్లవిలోకి జారుతుంది, ఆఖరికి డిస్కో లైట్లు వేసుకుని నాట్యమాడుతుంది. నాలుగు పాటల ముక్కలు ఒకే గోతాంలో. పాటకు మొక్క లేదు, వేరు లేదు, గోతాం ఉంది.

సంకరానికీ కలగాపులగానికీ తేడా ఈ నేలకు ఒకరు చెప్పక్కర్లేదు. గుంటూరు పక్కన లాం వ్యవసాయ పరిశోధనా ఫారముంది. అక్కణ్ణుంచి వచ్చిన 334 మిరప రకాన్ని యార్డులో నంబరు చెబితేనే గుర్తుపడతారు. కొత్త రకం కట్టే శాస్త్రవేత్త ఏం చేస్తాడు? తల్లిచెట్టు మొగ్గ విచ్చకముందే కేసరాలు తీసేస్తాడు, తండ్రిచెట్టు పుప్పొడి అద్దుతాడు, ఆ పువ్వుకు గుర్తు కడతాడు, వచ్చిన గింజ నాటి, అందులో పనికిరానివి పీకేసి, మళ్లీ నాటి, తరం తరువాత తరం చూస్తూ జుట్టు నెరిపించుకుంటాడు. తల్లి గుణం, తండ్రి గుణం ఒకే కాయలో కుదిరేదాకా అది రకం అనిపించుకోదు. మెటల్‌కోర్ కూడా సంకరమే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. మన కళ్లంలో మాత్రం తేజ పోగు మీద బ్యాడిగి పోగు, దాని మీద నిరుటి కోల్డ్ స్టోరేజీ కాయ పోసి కొత్త హైబ్రిడ్ వచ్చిందని చాటింపు వేస్తే ఊరు నవ్వుతుంది. ఒహాయోలో అట్లా చాటింపు వేస్తే దానికో శాఖ పేరు పెట్టారు.

ఆ పేరు ‘క్రాబ్‌కోర్’. తెలుగులో పీతసంగీతం. 2009లో స్టిక్ స్టిక్లీ వీడియో వచ్చింది. అందులో గిటారు వీరులు కాళ్లు బారెడు చాచి, మోకాళ్లు వంచి, నడుము నేలకు దించి, పీతల్లా అటూ ఇటూ ఊగుతూ తలలు ఆడిస్తారు. జనం నవ్వారు, నవ్వుతూనే లక్షలసార్లు చూశారు. ఓడరేవులోనో, సూర్యలంకలోనో సాయంత్రం పూట ఇసుకలో కూచుంటే ఆ నాట్యం ఉచితంగా చూడొచ్చు. అక్కడి పీతలు ఆటోట్యూన్ కూడా వాడవు. ఇంకోమాట. ఆ భంగిమ మా పొలాల్లో ఆడవాళ్లకు కొత్త కాదు. మిరప నాట్లప్పుడూ కలుపుకూ కోతకూ పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా నడుము ఆ వంపులోనే ఉంటుంది. దానికింతవరకూ ఎవరూ ఓ శాఖ పేరు పెట్టలేదు, వీడియో తీయలేదు, నడుంనొప్పికి ఓ మాత్ర కూడా ఇవ్వలేదు.

ఆటోట్యూన్ అన్నాను గదా. నేలలో చమురు ఎక్కడుందో ధ్వని తరంగాలతో వెతికే లెక్కల్లో పండిపోయిన ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు ఆ లెక్కల్నే గొంతులకు వర్తింపజేశాడు. 1997లో సరుకు బజారుకొచ్చింది. శ్రుతి తప్పిన గొంతును శ్రుతిలోకి లాగడం దాని పని. చిటికెడు వేస్తే ఎవరికీ తెలియదు. ఈ ఆల్బమ్‌లో మాత్రం పల్లవులకు పల్లవులే ఆ మరలో నానబెట్టారు. నిర్మాత జోయీ స్టర్జిస్ చేతిలో పనితనం లేదనను. డ్రమ్ములు ఇస్త్రీ చొక్కాలా ఉంటాయి, ఎక్కడా ఒక మడత కనిపించదు. ఆ మనిషి తర్వాత స్టూడియో ధ్వనుల సాఫ్ట్‌వేరు కంపెనీ కూడా పెట్టాడు, గిరాకీ బాగానే ఉంది. అదే నా బాధ. మెరుపు సంగతి తెలిసినవాడే, ఘాటు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మా యార్డులో రంగుకో లెక్క, ఘాటుకో లెక్క. రంగును ఆస్టా యూనిట్లలో కొలుస్తారు. ఘాటును స్కోవిల్ యూనిట్లలో. గుంటూరు సన్నం ముప్పై అయిదు నలభై వేల స్కోవిల్ దాకా పలుకుతుంది, తేజ దాన్ని ఎక్కడికో దాటిపోతుంది. కర్ణాటక బ్యాడిగికి రంగు దండి, ఘాటు అంతంత. ఎవరి గిరాకీ వాళ్లది, బ్యాడిగి తాను తేజనని ఏనాడూ చెప్పుకోలేదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఉన్న రంగు చాలక డబ్బారంగు కలిపినప్పుడు. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు మిరపపొడిలో సుడాన్ రంగు పట్టుబడింది. మైనపు ముద్దలకూ బూటు పాలిష్‌కూ వేసే రంగది. 2005లో ఆ రంగు కలిసిన సాస్ వల్ల బ్రిటన్ అంగళ్ల నుంచి నాలుగొందలకు పైగా సరుకులు వెనక్కి లాగేశారు. అప్పట్నుంచి నిజాయతీగా పండించిన రైతు కాయకు కూడా లాబొరేటరీ చీటీ కావాల్సొచ్చింది. ఎవడో కలిపిన రంగుకు అందరి కాయా అనుమానపు కాయ అయింది. పాటల బజారులో అట్లాంటి లాబొరేటరీ లేదు. ఉంటే ఈ ఆల్బమ్ రేవులోనే ఆగిపోయేది.

తమాషా ఏమిటంటే ఘాటు కొలిచే విద్య పుట్టింది కూడా ఈ బ్యాండు వాళ్ల పొరుగునే. ఒహాయోకు ఉత్తరాన మిషిగన్. అక్కడ డెట్రాయిట్‌లో, పార్క్ డేవిస్ అనే మందుల కంపెనీలో విల్బర్ స్కోవిల్ 1912లో ఈ పరీక్ష కట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి అయిదుగురి నాలుకల మీద వేయించి, కనీసం ముగ్గురు ‘ఇక మంట తెలియడం లేదు’ అనేదాకా నీళ్లు పోస్తూ పోయాడు. ఎన్ని రెట్లు నీళ్లు పడితే అంత ఘాటు. ఈ ఆల్బమ్‌ను స్కోవిల్ గారి బల్ల మీద పెడితే మొదటి చెంచాకే అయిదుగురూ చేతులెత్తేస్తారు. పంచదార నీళ్లు ముందే పోసి ఉంచారు గదా.

ఆ బ్యాండు ఊరి గురించి ఒక ముక్క చెప్పకపోతే నా కడుపుబ్బుతుంది. వెస్టర్‌విల్ ఒకప్పుడు అమెరికా మద్యనిషేధానికి రాజధాని. యాంటీ సెలూన్ లీగ్ 1909లో అక్కడికి మకాం మార్చి కరపత్రాలు టన్నుల లెక్కన దేశం మీదికి వదిలింది. సారా మీద తిరగబడ్డ మన నెల్లూరు జిల్లా దూబగుంటకు వాళ్ల అక్కగారి ఊరన్నమాట. మన నిషేధం 1995లో వచ్చి 1997కే సడలిపోయింది. వాళ్ల పాతపేట మాత్రం తరాల తరబడి గొంతు తడుపుకోకుండా కూచుని 2006లో గానీ హోటల్లో గ్లాసు ఎత్తలేదు. ఆ మరుసటేడు ఈ బ్యాండు పుట్టింది. రెంటికీ లంకె నేను పెట్టడం లేదు, మీరూ పెట్టకండి.

“ఇంత తిడుతున్నావు గానీ, జనం కొన్నారు మావయ్యా” అన్నాడు మా వాడు. కొన్నారు. 2010లో వాళ్ల రెండో ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 27వ స్థానంలో దిగింది. జనం కొన్నదల్లా మేలురకమే అయితే నకిలీ పత్తి విత్తనాల ప్యాకెట్లు ఏటేటా ఈ జిల్లాల్లో ఎట్లా అమ్ముడవుతున్నాయి? ప్యాకెట్ మీద కాయ దబ్బపండంత ఉంటుంది. చేలో కాయ కూడా పైకి నిండుగానే ఉంటుంది, విప్పితే లోపల గులాబీ పురుగు, చేతికొచ్చేది గుడ్డి పత్తి. దూదికి నీళ్లు చల్లి తూకం పెంచే తెలివి మాకూ ఉంది. పన్నెండు శాతం తేమ దాటితే పత్తి కొనే సీసీఐ వాడు మీటరు గుచ్చి చూసి బండి వెనక్కి తిప్పుతాడు. పాటలకు తేమ మీటరు కనిపెట్టిన నాడు ఈ ఆల్బమే కాదు, మన సినిమా ఆల్బమ్‌లు కూడా చాలామటుకు వెనక్కి తిరుగుతాయి. మా గుంటూరు కారం పేరే పెట్టుకుని 2024 సంక్రాంతికి ఓ సినిమా వచ్చింది. తెల్లవారుజామునే లేచి చూశాం. ఒక్కరికీ పొలమారలేదు.

అన్నట్టు, బొంబాయిలో స్క్రైబ్ అని ఒక బ్యాండుంది. 2010లో వాళ్ల ఆల్బమ్ పేరు ‘మార్క్ ఆఫ్ తేజ’. పేరు చూసి మా కాయే అనుకుని పొంగిపోయాను. తీరా ఆ తేజ ఓ హిందీ సినిమాలో విలన్. అయినా అందులో మంట ఉంది, అల్లరి ఉంది, నవ్వు ఎక్కడ పెట్టాలో తెలిసిన బుర్ర ఉంది. హైదరాబాదు గాడ్‌లెస్ వాళ్లది వేరే శాఖ, డెత్ మెటల్. ముందు చిన్న రికార్డులు చేసి, కళ్లంలో బాగా ఆరి, 2021లో గానీ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అని తొలి పూర్తి ఆల్బమ్ దించలేదు. హాస్టల్ బ్యాండుకు పెద్దబాలశిక్ష కావాలంటే అవి ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి.

ఇదంతా కారులో దంచుకుంటూ యార్డు చేరాం. తెల్లారింది. కమీషన్ కొట్టు ముందు మా టిక్కీలు దించారు. కొనేవాడు వచ్చాడు, మోచేతి దాకా చెయ్యి దూర్చాడు, అడుగు గుప్పెడు తీశాడు. మంచు పడిన రెండు రాత్రులు పట్టా కప్పడానికి బద్ధకించిన సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు. ఆయన అరచేతిలో చెప్పేసింది. ఎర్రకాయల మధ్య తెల్లగా ఆరో ఏడో. నా ముఖం వంక చూసి చిన్నగా నవ్వి పక్క లాటుకు వెళ్లిపోయాడు.

“మనది కూడా తొలి ఆల్బమేనా మావయ్యా?” అన్నాడు మా వాడు.

తాలు ఏరించి, వేరుగా కట్టించి, మధ్యాహ్నానికి అయినకాడికి అమ్మి తిరుగుదారి పట్టాం. ఈసారి వాడు ఏమీ అడక్కుండా ఇంకొకటి పెట్టాడు. కీబోర్డు కుర్రాడు కేలెబ్ షోమో ఆ గుంపులోంచి బయటపడి ‘బేర్‌టూత్’ పేరుతో 2014లో తెచ్చిన తొలి ఆల్బమ్ ‘డిస్గస్టింగ్’. స్టూడియోలో గిటారు, డ్రమ్ములు, గొంతు అన్నీ తనే. చిలకలూరిపేట వచ్చేదాకా నాకు కునుకు పట్టలేదు.